కాళ్ళు కడుక్కునే డాక్టరు

కొత్తగా పశువైద్యులైన పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. గేదెలకి కష్టమైన ఈతలు ఎలా చేయించేవారు, గొంతువాపు ఎలా పట్టుకునేవారు, మందులు లేని రోజుల్లో ఏం చేసేవారు అని అడుగుతారు. చెప్తాను. అడగని సంగతి ఒకటుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పని సగం పశువులతో అయితే సగం గుమ్మాలతో. ఏ ఇంట్లోకి ఎవరిని రానిస్తారు, ఎవరిని వాకిట్లో ఆపుతారు, ఎవరిని ఊరి బయటే ఆపుతారు అన్నది మన వృత్తివాడికి తెలిసినంత ఇంకొకరికి తెలియదు. పోస్టుమాను గుమ్మం దగ్గర ఆగిపోతాడు. మనం దొడ్లోకి కూడా వెళ్తాం.

ఆ గుమ్మాల సంగతిలో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించే ఇది. పిల్లలకు నోటితో చెప్పాలంటే ఇప్పటికీ మొహమాటం. అందుకని రాస్తున్నాను.

మీరెవరండి?

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. నాన్న మిషను బళ్ళో పంతులు. ఊరికి విడిగా, పడమటి పక్క ఉన్న లూథరన్ క్రైస్తవుల పేటలో మా ఇల్లు. పెద్దరైతుల పిల్లలకు సాయంత్రంపూట పాఠాలు చెప్పడానికి నాన్న ఊళ్ళోకి వెళ్ళేవారు. "మాస్టారండి" అంటూ మర్యాదగానే అరుగు మీద చాప వేసేవారు. కానీ మన వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో కాళ్ళకి నీళ్ళిస్తారు కదా, ఆ నీళ్ళు మటుకు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. బురదకాళ్ళతోనే తిరిగొచ్చి మా పంపు దగ్గర కడుక్కునేవారు. నేను చూస్తుండేవాణ్ణి.

ఎనభైల మొదట్లో నాకు మొదటి పోస్టింగు రేపల్లె వైపే వచ్చింది. మొదటివారంలోనే ఒక గేదె. దూడ అడ్డం తిరిగింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి, చెమటలు కక్కుతూ దూడని బయటికి తీశాను. గేదె ప్రాణం మీదికొచ్చినంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. దూడ లేచి నిలబడ్డాక అడిగారు. "మీదేవూరండి?" చెప్పాను. "ఇంటిపేరేంటండి?" చెప్పాను. ఆ తర్వాత కాఫీ వచ్చింది, స్టీలు గ్లాసులో కాకుండా దొడ్డిగోడ మీద బోర్లించి ఉన్న గాజు గ్లాసులో.

కోపం రాలేదంటే అబద్ధం. అయితే నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. కోపం వచ్చిన చోటే కుతూహలం కూడా పుడుతుంది. ఏ ఇంట్లో ముందు ఏ ప్రశ్న వేస్తారు, గ్లాసు ఎన్నో ప్రశ్న తర్వాత మారుతుంది అని గమనించడం మొదలుపెట్టాను. ఏళ్ళు గడిచేకొద్దీ గ్లాసు మారే ఇళ్ళు తగ్గాయి. మనుషులు మారారో, గేదెల ధరలు పెరిగి డాక్టరు అవసరం పెరిగిందో నాకు తేలలేదు. రెండూ అయ్యుంటాయి.

బకెట్టు పెద్దాయన

మా పై అధికారి శేషగిరిరావుగారు తెనాలిలో ఉండేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు మొహం పెట్టుకుని ఉండేవారు. ఆయన సైకిలు వెనక ఒక చిన్న బకెట్టు కట్టి ఉండేది. ఊరి మొదట్లో సైకిలు ఆపి, బకెట్లో క్రిములు చంపే పర్మాంగనేటు కలిపి, ఆ గులాబీరంగు నీళ్ళతో చెప్పులూ కాళ్ళూ చేతులూ కడుక్కునిగానీ ఊళ్ళోకి అడుగుపెట్టేవారు కాదు. ఊరు దాటుతూ మళ్ళీ కడుక్కునేవారు. కాంపౌండర్లు చాటున నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. ఒకసారి ఉండబట్టలేక, ఇంత చాదస్తం ఎందుకండి అని కాస్త మర్యాద కలిపి అడిగాను.

"ఇన్ని కొంపల్లో కాలు పెట్టేవాడు మనం కాక ఇంకెవడున్నాడోయ్?" అన్నారాయన.

నాకది జవాబులా అనిపించలేదు. నాకూ ఒక బకెట్టు ఇచ్చారు. కొన్నాళ్ళు కట్టుకు తిరిగి, అందరూ చూస్తున్నారని సిగ్గేసి ఆస్పత్రి గదిలో ఒక మూల పడేశాను.

బాతులవాళ్ళు

మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో నన్ను బాపట్ల వైపు మార్చారు. పిట్టలవానిపాలెం అవతల ఒక ఊరు నా కిందే ఉండేది. దాని పేరు రాయను. ఆ ఊరివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు.

వరికోతలు అవగానే నెల్లూరు దిగువ నుంచి బాతులవాళ్ళు వచ్చేవారు. కోసిన చేలల్లో రాలిన గింజలూ నత్తలూ పురుగులూ బాతులకు మేత. ఆ ఏడు ఆ ఊరికి వచ్చినవాళ్ళు మునెయ్య, అతని భార్య చెంగమ్మ. వెయ్యి దాకా బాతులుంటాయి. మునెయ్య ముందు నడుస్తాడు. చెంగమ్మ కొసకి గుడ్డపీలిక కట్టిన పొడుగాటి వెదురుకర్రతో వెనక నడుస్తుంది. ఆ కర్ర ఏ బాతునీ తాకగా నేను చూడలేదు. గాలిలో అటు తిప్పితే మంద అటు తిరుగుతుంది. చూడ్డానికే నేను ఒకటికి రెండుసార్లు వెళ్ళాను. ఒక బాతు తప్పిపోతే ఎలా తెలుస్తుందని మునెయ్యని అడిగితే, మంద నడకలోనే తెలిసిపోతుందన్నాడు. కాలేజీలో నాకెవరూ చెప్పని పాఠం అది.

ఆ ఊళ్ళోనూ క్రైస్తవుల పేట ఉంది. పేటలో చివరి సందు చివర చర్చి తాలూకు ఖాళీ స్థలం ఉంది. పాస్టరుగారు అక్కడ రాత్రిళ్ళు బాతుల చుట్టూ వల కట్టుకోమన్నారు. మునెయ్య వాళ్ళు గంపలో తెచ్చుకున్న పసుపు పూసిన రాయిని ఒక మూల నిలబెట్టి, రోజూ దానికి దణ్ణం పెట్టుకుని మందని చేలల్లోకి తోలేవారు.

టీకొట్టు దగ్గర వాదన మొదలైంది. కాలవ నీళ్ళు కలక చేస్తున్నారని ఒకరు. మినుము చల్లిన చేలో బాతులు దిగితే మొలక మిగలదని ఒకరు. ఎక్కడివాళ్ళో, ఏ దేవుడికి మొక్కుతారో, రేపు ఏమన్నా పోతే ఎవరిని పట్టుకుంటామని ఇంకొకరు. స్టూవర్టుపురం వాళ్ళేమో అని కూడా అన్నారు. ముక్కూ మొహం తెలియనివాడు కనపడితే ఆ ఊరి పేరు ఎత్తడం అప్పట్లో అలవాటు. దొంగల ఊరని తెల్లదొరలు వేసిపోయిన ముద్రని మనవాళ్ళు భద్రంగా దాచుకున్నారు. తర్వాత ఆ ఊరు వెళ్ళి పశువులకి వైద్యం చేశాను, అన్ని ఊళ్ళలాంటి ఊరే. ఇటు పక్క వాదించేవాళ్ళూ లేకపోలేదు. తన చేలో నత్తలన్నీ పోయాయని, రెట్ట ఎరువు ఊరికే వచ్చిందని ఒక రైతు సంతోషించాడు. మినుము సంగతి నిజమే. కానీ మునెయ్యకి అది ఊరివాళ్ళకంటే బాగా తెలుసు. ఆ చేల దరికే పోడు.

వాదన చర్చిలోకీ వచ్చింది. ఆ ఆదివారం కోతపండుగ. కొత్తవడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు ఎవరికి తోచినవి వాళ్ళు కానుకగా తెస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పెడతారు. నేనూ వెళ్ళాను. చెంగమ్మ ఒక గంపనిండా బాతుగుడ్లు తెచ్చి వాకిట్లో నిలబడింది. బాప్తిస్మం లేనివాళ్ళ కానుక బల్ల మీద పెట్టవచ్చా అని పెద్దలు వరండాలో చాలాసేపు వాదించుకున్నారు. చివరికి బల్ల మీద కాకుండా బల్ల కింద పెట్టారు. పాట పెట్టినప్పుడు ఎవరూ నోరు విప్పలేదు. ఆఖరికి చివరి సందులో ఉండే మరియమ్మ అనే ముసలామె పాడి తీసుకెళ్ళింది.

వేరే దేవుడికి ఎందుకు తెచ్చావని చెంగమ్మని అడిగాను.

"జాగా వాళ్ళది గదా సార్. జాగా ఇచ్చినోళ్ళ దేవుడికి పెట్టకుండా మేమెట్ట తింటాం?" అంది.

లోపల పెద్దలు అంతసేపు వాదించి తేల్చలేనిది ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

కుర్చీ

తర్వాతి వారంలోనే కొక్కెర తెగులు మొదలైంది. పుస్తకాల్లో దాన్ని రాణిఖేత్ అంటారు. కోడి మెడ మెలితిరిగి, ఆకుపచ్చగా పారి, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. ముందు అయిదారు మైళ్ళ అవతలి ఊళ్ళో వచ్చింది. పొద్దున్నే అక్కడికి వెళ్ళి చచ్చిన కోళ్ళని రెండింటిని కోసి చూసి, రోగం అదేనని రూఢి చేసుకున్నాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. రోగం ఈ ఊరి దాకా రాకముందే టీకాలు వేసేయాలని అటునుంచి అటే సైకిలెక్కాను. నా ఆత్రానికి నాకే ముచ్చటేసింది. సర్పంచిగారి వీధితో మొదలుపెట్టి, ఊరంతా ముగించి పేటలోకి వచ్చాను. చివరి సందుకి వచ్చేసరికి ఫ్లాస్కులో ఐసు కరిగి మిగిలిన టీకామందు పనికిరాకుండా పోయింది. మళ్ళీ వస్తానని సందు మొదట్లోంచే మరియమ్మకి చెప్పాను. వెళ్ళలేదు.

ఆరో రోజున కోళ్ళు పడిపోవడం మొదలైంది. నాలుగు రోజుల్లో ఊరంతా పాకింది. కోడి అంటే మీకు చిన్నసంగతి కావచ్చు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ చేతిలో ఉండే ఆస్తి అదొక్కటే.

పంచాయతీ ఆఫీసు వరండాలో అందరూ చేరారు. ఊరూ పేటా ఒకే మాట మీద నిలబడటం నేను అక్కడే మొదటిసారి చూశాను. బాతులే రోగం తెచ్చాయి, వాళ్ళని పంపేయాలి. నన్ను పిలిపించి, సర్పంచిగారి పక్కనే కుర్చీ వేశారు. స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చారు. ఊరందరి ముందూ అలా కూర్చోవడం నాకు అదే మొదలు. మా నాన్న చూస్తే బాగుండు అనుకున్నాను. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ జరిగింది అదే.

"బాతులవల్లేనంటారా డాక్టరుగారూ?" అని అడిగారు సర్పంచిగారు.

"బాతులు ఈ తెగులు మోసుకురాగలవని పుస్తకాల్లో ఉందండి. వాటివల్లే అయ్యుంటుంది," అన్నాను.

పుస్తకంలో ఉన్నమాట నిజమే. కానీ నేను ఒక్క బాతుని కూడా పట్టి చూడలేదు.

చెంగమ్మ మెట్ల కింద నిలబడి ఉంది. గొంతు పెంచకుండానే అంది: "మేమొచ్చి మూడు వారాలు సార్. కోళ్ళు పడిపోయింది మీరు సూదులేసి పోయినాక గదా."

అందరూ నవ్వారు. నాకంటే పెద్దామెని, తెలిసీ తెలియకుండా మాట్లాడకు అని కసిరాను. ఆ మధ్యాహ్నమే వాళ్ళు వల విప్పుకుని, మందని తారురోడ్డు మీదుగా రేపల్లె వైపు తోలుకుపోయారు. బాతులవాళ్ళకి ఒక ఊరు పొమ్మంటే ఒక్క ఊరితో పోదు. ఆ మాట వాళ్ళకంటే ముందే పక్క ఊళ్ళకి చేరుతుంది. మేత లేని మంద గుడ్డు పెట్టదు, ఎండలో రోడ్డు మీద నడిస్తే బతకదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే అన్నాను.

పెద్దాయన ప్రశ్నలు

తెనాలి వెళ్ళినప్పుడు శేషగిరిరావుగారికి ఇదంతా గొప్పగా చెప్పాను. ఆయన బాతుల గురించి ఒక్కటే అడిగారు, మందలో ఎన్ని చచ్చాయని. ఒక్కటీ చావలేదన్నాను. తర్వాత ప్రశ్నలన్నీ నా గురించే. టీకాలు ఏ రోజు వేశావు? ఆ పొద్దున ఎక్కడున్నావు? కోళ్ళని కోసిన చెప్పులతోనే వచ్చావా? సూది మరిగించావా? బకెట్టు ఎక్కడ? ఒక కాగితం నా ముందుకి తోసి, ఊరి వీధులు గియ్యమన్నారు. ఏ వీధిలో ముందు చచ్చాయో గుర్తులు పెట్టమన్నారు.

గీస్తుంటే నా చెయ్యి నెమ్మదించింది. కోళ్ళు ముందు చచ్చింది సర్పంచిగారి వీధిలో. తర్వాత నేను ఏ వరసలో నడిచానో ఆ వరసలోనే రోగమూ నడిచింది. కోళ్ళన్నీ బతికి ఉన్నది ఒక్కచోటే. చివరి సందులో, బాతుల వలకి పది గజాల దూరంలో, నేను అడుగు పెట్టని మరియమ్మ వాకిట్లో.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ కాగితం మడిచి నా చేతికిచ్చి, "ఎక్కడ చెప్పావో అక్కడికే వెళ్ళి చెప్పు," అన్నారు.

నమ్మలేదు

ముందు బాతులవాళ్ళని వెతుక్కుంటూ కాలవ వెంట వెళ్ళాను. రేపల్లె దగ్గర, ఎవరి పొలమూ కాని గట్టు మీద కనపడ్డారు. మందలో మూడో వంతు కూడా లేదు. మూడు ఊళ్ళవాళ్ళు పొలిమేర దాటనివ్వలేదట. నేనే తెచ్చాను రోగం, మీరు కాదు అని చెప్పాను. మునెయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. చెంగమ్మ మటుకు నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మాకు తెలిసిందే గదా సార్. ఆ ఊళ్ళో చెప్పండి," అంది.

వెళ్ళి చెప్పాను. అదే వరండా, అదే కుర్చీ. నిలబడి చెప్పాను. కాగితం చూపించాను, వీధులు చూపించాను, నా చెప్పులూ చూపించాను. తిడతారని, పై అధికారులకి అర్జీ పెడతారని సిద్ధపడే వెళ్ళాను. అక్కడ జరిగింది నేను కలలో కూడా అనుకోనిది. వాళ్ళు నమ్మలేదు.

"మీది జాలిగుండెండి. దారినపోయేవాళ్ళ తప్పు మీ నెత్తినేసుకుంటున్నారు. మీరు మా డాక్టరుగారండి, మీవల్ల ఎందుకొస్తది?" అన్నారు సర్పంచిగారు.

తలలన్నీ ఊగాయి. మళ్ళీ కాఫీ తెచ్చారు. గుమ్మాల బయట నిలబడి పెరిగినవాణ్ణి. ఈ ఊరు నన్ను తమవాడు అంటే ఎలా ఉంటుందో అని ఎన్నిసార్లో ఊహించుకున్నాను. అన్నారు, నా తప్పు నేను ఒప్పుకుంటున్న నిమిషంలో. ఆ కాఫీ తాగకుండానే గ్లాసు కుర్చీ పక్కన పెట్టేశాను. మనవాడు అనుకుంటే కళ్ళెదుట కాగితం పెట్టినా కనపడదు, పరాయివాడు అనుకుంటే కాగితమే అక్కర్లేదు. అంతకుముందు ఈ రెండూ నాకూ వర్తిస్తాయని అనుకోలేదు.

మరియమ్మ ఒక్కతే లేచింది. తన కోళ్ళు బతికే ఉన్నాయని, బాతుల పక్కనే తిరిగాయని, బాతుల తొట్లోనే తాగాయని, కావాలంటే వచ్చి చూసుకోమని చెప్పింది. ముసలిదానికి చాదస్తం అన్నారు. ఆమె వినిపించుకోకుండా, ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి పెద్దల వెంట పడింది. ఆ స్థలం మళ్ళీ వాళ్ళకే ఇవ్వాలని.

గులాబీరంగు నీళ్ళు

నేను మూల పడేసిన బకెట్టు తీసి సైకిలుకి కట్టుకున్నాను. ఊరి మొదట్లో చాటుగా కాకుండా పంచాయతీ ఆఫీసు ముందే, పదిమందీ చూస్తుండగా కడుక్కునేవాణ్ణి. ఎందుకండి అని అడిగితే ఈ కథ చెప్పేవాణ్ణి. వాళ్ళు వాళ్ళకి కావలసిన అర్థం తీసుకున్నారు. డాక్టరుగారికి మడి ఎక్కువని ఊళ్ళో అనుకున్నారు. భక్తి ముదిరిందని పేటలో అనుకున్నారు. కాళ్ళు కడుక్కునే డాక్టరు అని పేరు పడింది. తర్వాత బదిలీ అయి కొలకలూరు వెళ్తే, పేరు నాకంటే ముందే అక్కడికి చేరింది. నేను కాదనలేదు. అడిగినవాళ్ళకి అడిగినన్నిసార్లు చెప్పాను. వందమందికి చెప్తే పదిమంది నమ్మి ఉంటారు.

పిల్లలూ, మీకు ఇప్పుడు మోటారుసైకిళ్ళున్నాయి, వాడి పారేసే సూదులున్నాయి. అయినా ఏ ఊళ్ళోనైనా రోగం ఎవరు తెచ్చారని అడిగితే, ముందు మీ సొంత దారి కాగితం మీద గీసుకోండి. కుర్చీ వేసిన రోజున మరీ జాగ్రత్తగా గీసుకోండి.

తొంభైలు వచ్చాక, నేను ఇంకా బాపట్ల వైపే ఉండగా, ఒక పొద్దున మరియమ్మ కబురు పంపింది. బాతులవాళ్ళు వచ్చారని. చర్చి స్థలంలో మళ్ళీ వల కట్టి ఉంది. కోతపండుగ నాడు బాతుగుడ్లని ఈసారి గుమ్మడికాయల పక్కనే బల్ల మీద పెట్టారని, మరియమ్మ అదేదో తన సొంత విజయంలా చెప్పింది. తన విజయమే. బాతులకి టీకాలు వేద్దామని ఫ్లాస్కు పట్టుకుని వల దగ్గరికి నడిచాను. బకెట్టు సైకిలుకే ఉంది. ఊరి మొదట్లో అలవాటుగా కడుక్కునే వచ్చాను.

చెంగమ్మ వలకి అడ్డంగా వచ్చి నిలబడింది. జుట్టు నెరిసింది. చేతిలో చెంబు ఉంది. ఆ చెంబు నా ముందుకి చాచింది.

నాన్న గుర్తొచ్చారు. ఇన్నేళ్ళకి ఒకరు కాళ్ళకి నీళ్ళిచ్చారు, అదీ ఊళ్ళోనివాళ్ళెవరూ కాదు అనుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆమె అది చూసింది.

"మర్యాదకి కాదు సార్," అంది. "మా బాతుల కోసం. బాగా కడుక్కోండి."

చెప్పులు విడిచి, వేళ్ళ సందులు కూడా రుద్ది కడుక్కున్నాను. ఆమె వంగి చూసి, చాలు అన్నాక లోపలికి వెళ్ళాను.